సంబంధిత వ్యక్తి రాలేదు

బుధవారం పొద్దున్న కోట్ని సన్యాసిరావు గారు రెండు ఇడ్లీలు తిని, మూడోది వడ్డించబోతున్న భార్యను చూసి, "చాలమ్మా, మీరు కూర్చోండి. ఈ ఇంటావిడ ఎక్కడికెళ్ళిందో గానీ ఇందాకటినుంచి మీరే కష్టపడుతున్నారు," అన్నారు.

పైడమ్మ గారు ముందు పరాచికమనుకున్నారు. ఆయన పరాచికాలాడే మనిషి కాదని గుర్తొచ్చాక మా ప్రయోగశాలకు ఫోన్ చేశారు.

"పాపా, మీ పూస పాడైపోనాది గావాల. ఈయన నన్ను మీరూ అంటన్నారు."

ఆ ఫోన్ తీసింది నేను.

పూస అంటే ఆవగింజంత ఉంటుంది. కిందటేడు సన్యాసిరావు గారి తలలో గడ్డ తీసినప్పుడు దానితోపాటు జ్ఞాపకాలున్న భాగం కొంత పోయింది. పోతుందని డాక్టర్లు ముందే చెప్పారు కాబట్టి, ఆ జ్ఞాపకాలన్నిటికీ మేము ముందే నకలు తీసి యంత్రంలో దాచాం. ఆపరేషన్ తర్వాత తలలో పూస పెట్టాం. ఆయనకు ఏదైనా గుర్తుచేసుకోవాలనిపిస్తే, పూస మా యంత్రాన్ని పిలిచి ఫలానా ఫైలు కావాలంటుంది. యంత్రం పంపుతుంది. రెప్పపాటులో అయిపోతుంది. పక్కింటికి కేకేసి చింతపండు తెప్పించుకున్నట్టే. తేడా ఏమిటంటే, చింతపండు మనదే.

పది నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ముందురోజు రాత్రి మేమే తెచ్చుకున్నాం.

విజయనగరం ఎండలకు యంత్రం కాగిపోతోందని దాన్ని అనంతగిరి అవతల కొండ మీద చల్లని గదిలోకి మార్చాం. మార్చేటప్పుడు మా పెద్దాయన ఉమాపతి గారికి ఇంకో ఆలోచన వచ్చింది. జ్ఞాపకాలు అంత దూరం వెళుతున్నాయి కదా, దారిలో ఎవరైనా అడిగి పట్టుకుపోతే? వాటికో కాపలాదారు ఉండాలి. ఏ విషయం ఎవరికి చెప్పాలో, ఎవరి దగ్గర నోరు మూసుకోవాలో ప్రతి మనిషికీ లోపల ఒక లెక్క ఉంటుంది. నకల్లోంచి ఆ ఒక్క ముక్కనూ విడదీసి గుమ్మం దగ్గర నిలబెట్టారు.

"ఎవరి మనసుకు వాళ్ళ మనసే కాపలా!" అని ఆయన బోర్డు మీద రాశారు. బావుందని మేమందరం ఫోటో తీసుకున్నాం.

మొత్తం పదకొండు మందిని కొండెక్కించాం. పది మందికి బాగానే ఉంది. లెక్కల మేష్టారి కాపలాదారు ఫైలు ఇచ్చే ముందు ఒకసారి చదివించుకుంటున్నాడు. మిఠాయి కొట్టాయన కాపలాదారు అడిగిన ఫైలుతోపాటు అడగని ఫైలు కూడా కొసరు వేస్తున్నాడు. ఆయనకు పాపం రోజంతా చిన్నప్పటి పెళ్ళిళ్ళు గుర్తొస్తున్నాయి.

పదకొండో మనిషి సన్యాసిరావు గారు. ఆయన రెవెన్యూ ఆఫీసు రికార్డు రూములో ముప్ఫై నాలుగేళ్ళు రికార్డు కీపరు.

ఈ సంగతి మా కాగితాల్లో మొదటి పేజీలోనే ఉంది. ఎవరం చదవలేదు.

*

ఉమాపతి గారు బుధవారమే నన్ను పిలిచి లెక్క చెప్పారు. పూస ఒక ఫైలు కోసం తొమ్మిది రోజులు వరుసగా అడిగి, తొమ్మిది రోజులూ లేదనిపించుకుంటే, ఇక అడగడం మానేస్తుంది. తల వేడెక్కకుండా మేమే అలా పెట్టాం. ఒకసారి మానేస్తే మళ్ళీ అడిగించడం ఎవరివల్లా కాదు.

"అంటే వచ్చే గురువారం సాయంత్రం దాకా," అన్నాను.

"దాకా ఎందుకు? ఇది గంట పని. అనుమతులు పూర్తిగా తెరిచేస్తాను."

తెరిచేశారు. ఎవరడిగినా ఏ ఫైలయినా ఇవ్వవచ్చని ఆజ్ఞ పంపారు. కొండ మీదినుంచి జవాబొచ్చింది.

"ఉత్తర్వు అందినది. పై అధికారి సంతకం లేదు. వాపసు."

ఉమాపతి గారు ఆ జవాబును రెండుసార్లు చదివారు. "నేను వీణ్ణి తయారుచేసినవాణ్ణి," అన్నారు నాతో.

"సంతకం లేదుటండీ," అన్నాను.

చిత్రమేమిటంటే మిగతావేవీ ఆగలేదు. బస్సు నంబర్లు, వీధుల పేర్లు, ఎరువుల కొట్టు ఎక్కడుందో, అన్నీ ఆయనకు గుర్తొస్తున్నాయి. అవి నోటీసు బోర్డు మీద అంటించిన కాగితాల్లాంటివని కాపలాదారు వదిలేశాడు. తాళం వేసింది ఒక్కదానికే. దాని పేరు ఇంటి ఫైలు. నలభై రెండేళ్ళ కాపురం అందులో ఉంది.

శుక్రవారం సన్యాసిరావు గారిని, పైడమ్మ గారిని పిలిపించాం. కాపలాదారుతో మైకులో నేరుగా మాట్లాడవచ్చు. గొంతు ఆపరేషన్ ముందున్న సన్యాసిరావు గారిదే.

ముందు ఉమాపతి గారు మైకు దగ్గర కూర్చున్నారు.

"ఎవరు?" అంది కొండ.

"నేనే."

"నేనే అంటే?"

"నేనేనయ్యా, ఉమాపతిని."

"ఏ సెక్షను?"

ఉమాపతి గారు మైకు మూసి, మా అందరివైపూ చూసి, మళ్ళీ తెరిచారు. "ఇదిగో, ఫైలు ఎవరిదో ఆయనే వచ్చారు. మాట్లాడు," అని లేచి సన్యాసిరావు గారిని కూర్చోబెట్టారు.

"ఎవరు?"

"నేనే," అన్నారు సన్యాసిరావు గారు.

"నేనే అంటే నేను. నేనిక్కడ డ్యూటీలో ఉన్నాను. తమరెవరు?"

సన్యాసిరావు గారు మావైపు తిరిగారు. ఆపరేషన్ తర్వాత ఆయన మొహం అంత వెలగడం నేను చూడలేదు.

"మంచి మనిషిని వేసేరండీ. గట్టివాడు!"

"ఆ ఫైలు మీదేనండీ. మీకు కావాలి కదా. ఇంకోసారి అడగండి," అన్నాను.

"నాదైతే మాత్రం? రూలు రూలే. అతన్ని ఇబ్బంది పెట్టకండమ్మా. ఇయాళ మొహమాటానికి ఒకటి ఇచ్చేడనుకో, రేపు రాక్‌లన్నీ ఖాళీ అయిపోతాయి." మైకులోకి వంగి, "మీరు కానివ్వండి సార్," అన్నారు.

"థాంక్స్ సార్," అంది కొండ.

గోడ దగ్గర బల్ల మీద కూర్చున్న పైడమ్మ గారు తలపట్టుకున్నారు. "ఒకడితోనే ఏగలేకపోనాను. ఇప్పుడు ఇద్దరయ్యేరు."

*

ఈ హడావిడికి కాపలాదారుకు అనుమానం వచ్చింది. తన పేరు చెప్పుకుని ఎవరో తిరుగుతున్నారని, ఇంటి ఫైలు పక్కనున్న రిటైర్మెంటు ఫైలుకు కూడా తాళం వేశాడు.

సోమవారం తొమ్మిదిన్నరకు సన్యాసిరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు బయలుదేరారు. పైడమ్మ గారు వెనకాలే పరుగెత్తి బస్టాండులో పట్టుకున్నారు.

"ఇయాళ బందు. బస్సుల్లేవు."

"మరి ఆ వస్తున్నదేటమ్మా?"

"అది డిపోకెళ్ళిపోతంది."

"ఆ వెనకాలది?"

"దాన్ని తీసుకురావడానికి వెళ్తంది."

ఆయన కాసేపు ఆలోచించి, తెలియని ఆడమనిషితో వాదన మర్యాద కాదని వెనక్కి వచ్చేశారట. ఫోనులో ఇదంతా చెబుతూ ఆవిడ నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగింది.

"పాపా, రాత్రుళ్ళు వరండాలో పడుకుంటన్నారు. ఇంట్లో పరాయి ఆడమనిషి ఉన్నాదని. దోమలు. తలుపు గెడ పెట్టుకోమని నాకు చెప్పి మరీ ఎల్తన్నారు. ఎన్ని రోజులున్నాయి?"

"మూడు రోజులండీ."

"మూడేనా," అని పెట్టేశారు.

మంగళవారం నేను కాపలాదారు రిజిస్టరు తెప్పించుకున్నాను. అంతవరకూ మేము మా వైపు కనిపించే "అనుమతి లేదు" అన్న మాటే చూస్తున్నాం. ఎందుకు లేదో కాపలాదారు తన దగ్గర రాసుకుంటాడని, సన్యాసిరావు గారి లాంటి మనిషి రాసుకోకుండా ఉండడని నాకనిపించింది. ఆరు వందల పన్నెండు వాపసులు. ఒక్కొక్కటీ చదివాను. ఉమాపతి గారి ఉత్తర్వు ఒక్కటి తప్ప, ప్రతి దానిలోనూ ఒకే వరుస.

"తెచ్చినవారు: తపాలా. సంబంధిత వ్యక్తి రాలేదు. వాపసు."

తపాలా ఎవరా అని చాలాసేపు చూశాను. అప్పుడు తట్టింది. యంత్రం ఇక్కడున్నప్పుడు పూస దానితో నేరుగా మాట్లాడేది. కొండెక్కాక ఆ పిలుపు ముందు మా గదిలోని చిన్న పెట్టెకు వస్తుంది. పెట్టె దాన్ని అందుకుని కొండ మీదికి మోస్తుంది. కాపలాదారుకు కనిపించేది మోసినవాడే. అడిగినవాడు కనిపించడు. ఏ ఆఫీసులోనైనా తపాలా పట్టుకొచ్చినవాడి చేతికి ఫైలు ఇస్తారా?

"అయితే అడిగినవాడి దగ్గర ఒక ఉత్తరం తీసుకుని పెట్టె చేతికివ్వాలి. ఈ పిలుపు ఫలానా మనిషిది, నేను మోస్తున్నానంతే అని," అన్నాను.

ఉమాపతి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పెట్టెకు అధికారపత్రం తయారుచేసి, పూస గుర్తుతో సంతకం చేయించేసరికి బుధవారం సాయంత్రం నాలుగయింది. పంపాం.

"అధికారపత్రం అందినది. సంతకం పోల్చి చూడడమైనది. కలవలేదు. వాపసు."

పూస గుర్తు ఆపరేషన్ తర్వాత పుట్టింది. కాపలాదారు ఆపరేషన్‌కు ముందు మనిషి. కత్తికి ఈవల ఉన్నాయన సంతకం ఆవల ఉన్నాయన గుర్తుపట్టలేదు. ఇది ఎవరి తప్పని రాయాలో రోజువారీ పుస్తకంలో నాకు తెలియలేదు. ఆ గడి ఖాళీగా వదిలాను.

*

గురువారం మూడు గంటలకు పైడమ్మ గారు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన బల్ల మీద ఆవిడకు జానెడు దూరం వదిలి కూర్చున్నారు.

ఉమాపతి గారు వారం రోజులుగా గడ్డం గీసుకోలేదు. "అమ్మా, మీ వారు సర్వీసులో ఉండగా ఎప్పుడైనా ఎవరికైనా రూలు దాటి ఫైలు ఇచ్చారా? చుట్టాలకి? స్నేహితులకి?"

"ఈయనా? మా అన్నయ్య వస్తే, వేలు విడిచిన అన్న కాదు, సొంత అన్న, టీ తాగించి పంపించీసేరు."

"ఎవరి మాటకూ తలుపు తీయలేదా?"

"తలుపు తీయడానికేటి, మద్దేనం నేను కేరేజీ పట్టుకెల్తే తీసీవోరు." ఆవిడ ఆగారు. మైకువైపు చూశారు. "ఆ కొండమీదాయనతో నేను మాట్లాడొచ్చా?"

మాకెవరికీ ఆ మాటే తట్టలేదు. ఫైలుకు యజమాని ఆయన కాబట్టి, ఆయన్నీ ఆయన సంతకాన్నీ పట్టుకుని వేలాడుతున్నాం.

"మాట్లాడండి. ఎవరు అని అడుగుతాడు. పేరు, వివరం చెప్పాలి," అన్నాను.

ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే కొంగు సర్దుకుని, మైకుకు కొంచెం ఎడంగా, తలుపు బయటినుంచి పిలిచినట్టు పిలిచారు.

"ఏమండీ."

ప్రతిసారీ మేము నోరు విప్పేలోపే "ఎవరు?" అనేవాడు. ఈసారి అనలేదు.

"ఆఁ," అంది కొండ.

ఉమాపతి గారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"మీ దగ్గర మన ఇంటి ఫైలున్నాదట. ఇచ్చీండి."

"ఇప్పుడెందుకే నీకది?"

"నేనెవరో మీకు తెలీట్లేదు."

"నాకు తెలుసు కదా."

"మీకు తెలుసు. ఈయనకి తెలీట్లేదు."

"ఈయనెవరు?"

పైడమ్మ గారు వెనక్కి తిరిగి బల్ల మీద కూర్చున్న మనిషిని చూశారు. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పెద్దమనిషిలా, ఇదంతా ఎవరి సంసారమో అన్నట్టు వింటున్నారు.

"మీరే," అన్నారావిడ.

"నేనిక్కడుంటే..."

"అక్కడా ఉంటారు, ఇక్కడా ఉంటారు. కొత్తేటి మీకు? ముప్ఫై నాలుగేళ్ళు ఇంట్లో అన్నం తింటూ ఆఫీసులో ఉండీవోరు. ముందది ఇచ్చీండి. తర్వాత మాట్లాడుకుందుము."

 తర్వాత తెర మీద ఒక వరుస వచ్చింది. ఎనిమిది వందల ముప్ఫై ఒకటో వరుస.

"ఇంటి ఫైలు, నంబరు ఒకటి. తీసుకున్నవారు: ఇంట్లో వాళ్ళు. సాయంత్రం ఐదింటిలోగా తిరిగి అప్పగించవలెను."

దాని కింద ఇంకొకటి. "రిటైర్మెంటు ఫైలు. అనుమానం తీరినది. తాళం తీయడమైనది."

బల్ల మీద సన్యాసిరావు గారు కదిలారు. చుట్టూ చూశారు. "నువ్వా? నువ్వెప్పుడొచ్చేవు?"

"నలభై రెండేళ్ళయింది," అన్నారు పైడమ్మ గారు. కొంగు మొహానికి అడ్డుపెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో జానెడు దూరం లేదు.

ఉమాపతి గారు గదంతా తిరుగుతూ అందరికీ చేతులు కలిపారు, నాకు రెండుసార్లు. పేరడిగే తలుపు దగ్గర పేర్లన్నీ ఓడిపోయాయి. ఆ ఒక్క పిలుపులో పిలిచినావిడ పేరూ లేదు, పలికినాయన పేరూ లేదు. కానీ దాన్ని ఆ తలుపు దగ్గర అలా పలికే మనిషి లోకంలో ఒక్కరే. దానితో పోల్చి చూడడానికి ఇంకో సంతకం అక్కర్లేకపోయింది.

ఐదయింది. సన్యాసిరావు గారు భార్య చెయ్యి పట్టుకుని ఏదో చెబుతున్నవారు, మధ్యలో ఆగి, ఆ చేతిని మర్యాదగా ఆవిడ ఒళ్ళో పెట్టేశారు.

"క్షమించండమ్మా. మీరెవరో..."

*

అప్పటికి అర్థమైంది. కొండ మీదినుంచి సాయంత్రాలు, ఆదివారాలు జవాబు రాకపోతే తీగలు తెగాయనుకున్నాం. తీగలు బాగానే ఉన్నాయి. ఆఫీసు మూసేశాడు.

అప్పటినుంచి రోజూ పదిన్నరకు పైడమ్మ గారు ఫోనులో "ఏమండీ" అంటారు. ఫైలు వస్తుంది. ఐదింటికి వెళ్ళిపోతుంది. పూసకు రోజూ జవాబు దొరుకుతోంది కాబట్టి అడగడం మానలేదు. ఆదివారాలు, రెండో శనివారాలు, పండగ సెలవులు మాత్రం ఆయనకు భార్య లేదు.

"నవుకరీ చేసినన్నాళ్ళూ ఐదయ్యాకే నా మొగుడు. ఇప్పుడు ఐదయ్యేదాకా నా మొగుడు. అటు లెక్క ఇటు సరిపోనాది," అన్నారావిడ ఒకరోజు.

నెల తిరిగేసరికి ఉమాపతి గారు దారి కనిపెట్టారు. కాపలాదారులోంచి గడియారాన్ని తీసేయవచ్చు. ఇంట్లో వాళ్ళ సంతకం కావాలి. ఆ కాగితం పట్టుకుని ఆదివారం నాలుగింటికి వాళ్ళింటికి వెళ్ళాను.

తలుపు సన్యాసిరావు గారు తీశారు. భుజం మీద తువ్వాలు, చేతిలో పట్టకారు.

"రామ్మా. ఇంటావిడ లేరు. చుట్టపుచూపుకొచ్చిన పెద్దావిడొకరున్నారు, వారితో మాట్లాడుతూ ఉండు. కాఫీ పెడుతున్నాను." లోపలికి వెళ్ళిపోయారు.

ముందుగదిలో ఆయన వాలుకుర్చీలో పైడమ్మ గారు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. నన్ను చూసి గొంతు తగ్గించారు.

"కాపురానికొచ్చి ఇన్నేళ్ళలో పొయ్యికాడికి రాలేదు పాపా. పరాయి ఆడమనిషి ఇంటికొస్తే మర్యాద చెయ్యాలి గదా అని, ఇప్పుడు ఆదివారం ఆదివారం కాఫీ. మొదటివారం వేణ్ణీళ్ళు. రెండోవారం మాడిపోనాది. ఇయాళ వాసన బావున్నాది."

కాగితం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"ఇది తీసీస్తే ఆదివారం కూడా నేనెవరో తెలుస్తాదా?"

"తెలుస్తుందండీ."

"ఇంక గట్టితనం ఉంటాదా? ఎవడుబడితే ఆడడిగితే మా ఇంటి సంగతులు ఇచ్చీడు గదా?"

"అది ఉమాపతి గారికి కూడా తెలీదండీ. గడియారం ఎక్కడిదాకా అల్లుకుని ఉందో తీస్తే గానీ..."

ఆవిడ వంటింటివైపు చూశారు. లోపల గిన్నె దించిన చప్పుడు, "అబ్బా" అన్న మాట వినిపించాయి.

"పోయిన ఆదివారం నాకు జొరం వచ్చినాది. గుమ్మంకాడే నిలబడి ఎలాగున్నాదమ్మా అని అడిగేరు. లోపలికి రాలేదు. నుదురు ముట్టుకోలేదు. పరాయిదాన్ని గదా. ఆ పూట అనుకున్నాను, ఈ కాఫీలూ వద్దు, మరేటీ వద్దని." పెన్ను అడిగి తీసుకున్నారు. సంతకం పెట్టారు. తారీకు వెయ్యలేదు.

"తారీకండీ," అన్నాను.

"నేను చెప్పినప్పుడు వేద్దువుగాని. ఇంకో రెండు ఆదివారాలు చూద్దుము. పంచదార ఎంతెయ్యాలో తెలుసుకుంటన్నారు."

సన్యాసిరావు గారు మూడు గ్లాసులతో వచ్చారు. ముందు ఆవిడకిచ్చి, తాగేదాకా నిలబడి చూశారు.

"ఎలా ఉందమ్మా?"

"బావుందండీ."

ఆయన తృప్తిగా ఎదురు బల్ల మీద కూర్చున్నారు. వాకిట్లో ఎండ మెట్లు దిగిపోతోంది. కాసేపు ఏదో మొహమాటపడి, చివరికి అడిగేశారు.

"తప్పుగా అనుకోకండి. పొద్దు వాలుతోంది. ఇంటి దగ్గర మీ ఆయన ఎదురు చూస్తూ ఉంటారేమో?"

పైడమ్మ గారు గ్లాసులో అడుగున మిగిలిన గుక్క తాగారు.

"ఆయనకి ఇయాళ సెలవండీ. రేపు పదిన్నరకొస్తారు."